కారు మైలేజ్ మనం ఎంత కచ్చితంగా కొలవగలం? బంకు, మీటరు, డిస్‌ప్లే లెక్కలు

హనుమకొండ నుంచి వచ్చిన ప్రశ్న ఇది. పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, కొని మూడేళ్లయింది. కంపెనీ చెప్పిన మైలేజ్ 22 పైన. డ్యాష్‌బోర్డు డిస్‌ప్లే 18.4 చూపిస్తోంది. రిజర్వ్ లైట్ వెలిగినప్పుడు వెయ్యి రూపాయల పెట్రోల్ పోయించి, మళ్లీ లైట్ వెలిగేదాకా నడిపి లెక్కేస్తే ఒకసారి 15 వచ్చింది, ఆ తర్వాతిసారి 20 వచ్చింది. వీటిలో ఏది నమ్మాలి, బంకులో మోసం జరుగుతోందా, కారును సర్వీస్‌కు ఇవ్వాలా అని అడిగారు.

ముందే జవాబు చెప్పేస్తాను. మీకొచ్చిన 15 గానీ 20 గానీ మీ కారు గురించి ఏమీ చెప్పవు. అవి మీరు కొలిచిన పద్ధతిలోంచి వచ్చిన అంకెలు. పద్ధతి మారిస్తే పైసా ఖర్చు లేకుండా, ఏ మెషీనూ లేకుండా, మీ కారు అసలు మైలేజ్‌ను రెండు మూడు శాతం తేడాలో పట్టుకోవచ్చు. అంటే 17.5 ఇచ్చే కారును 17కూ 18కీ మధ్య అని ధైర్యంగా చెప్పొచ్చు. అంతకంటే సన్నగా కొలవడం మన చేతిలో లేదు. ఎవరైనా "నా బండి 17.63 ఇస్తది" అంటే ఆ చుక్క తర్వాత ఉన్న రెండో అంకెను పట్టించుకోనక్కర్లేదు.

నేను ఆర్టీసీ డిపోలో మెకానికల్ విభాగంలో చాలా ఏళ్లు పని చేశాను. అక్కడ మైలేజ్‌ను కేఎంపీఎల్, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, అంటాం. ఏ డ్రైవర్ ఏ బస్సు మీద ఎంత కేఎంపీఎల్ తెచ్చాడో లెక్క ఉంటుంది. బాగా తెచ్చినవాళ్లకు మెప్పు దొరుకుతుంది, తగ్గినవాళ్లు జవాబు చెప్పుకోవాలి. కాబట్టి ఈ కొలత తప్పితే నష్టపోయేది ఒక మనిషి. రోజువారీ అంకె చూసి ఎవర్నీ ఏమీ అనకూడదు, నెల మొత్తం కలిపి చూడాలి అని నాకు పని నేర్పిన పెద్దవాళ్లు గట్టిగా చెప్పేవారు. ఎందుకలా అన్నారో మీ 15, 20 లెక్కలోనే కనిపిస్తుంది, చూడండి.

వెయ్యి రూపాయలకు మీకు 9.3 లీటర్లు వచ్చిందనుకుందాం. మైలేజ్ 15 వచ్చిందంటే మీరు దాదాపు 140 కిలోమీటర్లు నడిపారు. 20 వచ్చిందంటే 186 కిలోమీటర్లు. ఇప్పుడు మీ కారు రెండుసార్లూ నిజంగా 17.5 చొప్పునే ఇచ్చిందని అనుకోండి. 140 కిలోమీటర్లకు 8 లీటర్లు కాలాయి. పోసింది 9.3, కాలింది 8. అంటే రెండోసారి లైట్ వెలిగినప్పుడు ట్యాంకులో మొదటిసారి కంటే 1.3 లీటర్లు ఎక్కువ ఉన్నాయి. లైట్ తొందరపడి వెలిగింది. ఆ తర్వాత మళ్లీ 9.3 పోశారు, 186 కిలోమీటర్లు నడిపారు, 10.6 లీటర్లు కాలాయి. అందులో 1.3 లీటర్లు పాతవి. లైట్ మళ్లీ తన మొదటి చోటుకే వచ్చి వెలిగింది.

అంటే 15కూ 20కీ కారణం ఒక్కటే: మధ్యలో ఒక్కసారి లైట్ 1.3 లీటర్లు ముందుగా వెలగడం. రెండింటినీ కలపండి. 326 కిలోమీటర్లు, 18.6 లీటర్లు. భాగిస్తే 17.5. మధ్యలో జరిగిన తప్పు మొత్తం మీద చూస్తే కొట్టుకుపోయింది.

రిజర్వ్ లైట్ అంత తేడాగా వెలగడంలో వింతేమీ లేదు. ట్యాంకులో ఒక తేలే ముక్క, దానికో చేయి, ఆ చేయి కదలికను బట్టి గేజ్ కదులుతుంది. కారు పక్కకు ఒరిగినా, ఎత్తు ఎక్కుతున్నా, గుంతల రోడ్డు మీద పెట్రోల్ ఊగుతున్నా ఆ ముక్క నిజం చెప్పదు. ముల్లు ఊగకుండా కంపెనీలు కావాలనే దాన్ని నెమ్మదిగా కదిలేలా చేస్తాయి. పైగా ట్యాంకు ఒక సరైన డబ్బా ఆకారంలో ఉండదు, సీటు కింద ఉన్న ఖాళీని బట్టి వంకరలు తిరిగి ఉంటుంది. "సగం ట్యాంకులో ఇన్ని కిలోమీటర్లు వచ్చింది" అనే లెక్క కూడా ఇందుకే నిలబడదు. గేజ్ ఉన్నది రోడ్డు మీద ఆగిపోకుండా హెచ్చరించడానికి. దాంతో మైలేజ్ కొలవకండి.

సరైన పద్ధతి ఫుల్ ట్యాంక్ పద్ధతి. అందరికీ తెలిసిందే, కానీ చేసేటప్పుడు చాలామంది పాడుచేస్తారు. ట్యాంక్ ఫుల్ చేయించి ట్రిప్ మీటర్ సున్నా చేయాలి. నడపాలి. మళ్లీ ఫుల్ చేయించినప్పుడు ఎన్ని లీటర్లు పట్టిందో అన్ని లీటర్లు ఈ మధ్యలో కాలినట్టు. ఇక్కడ మొత్తం లెక్క ఒక్క మాట మీద ఆధారపడి ఉంది: రెండుసార్లూ "ఫుల్" అంటే ఒకే మట్టమేనా?

బంకులో గన్ తనంతట తాను ఆగడానికి దాని మూతి దగ్గర ఒక సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోల్ పారుతున్నంతసేపూ ఆ రంధ్రంలోంచి గాలి లోపలికి పీలుస్తుంది. ట్యాంకు నిండి ఆ రంధ్రం మునగగానే గాలి ఆగుతుంది, లోపల ఒత్తిడి పడిపోయి గన్ టక్కున కట్ అవుతుంది. కాబట్టి కట్ ఆఫ్ ఎక్కడ అవుతుందన్నది గన్ ఎంత లోపలికి దించారు, ఏ కోణంలో పట్టుకున్నారు, ఎంత వేగంగా పోశారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. వేగంగా పోస్తే మెడలోనే పెట్రోల్ వెనక్కి తన్ని ముందే కట్ అవుతుంది. డీజిల్‌కు నురగ వస్తుంది కాబట్టి ఇంకా తొందరగా కట్ అవుతుంది. బంకు నేల ఏటవాలుగా ఉంటే ట్యాంకులో ఒక మూల గాలి ఇరుక్కుని ఉండిపోతుంది. ఇవన్నీ కలిసి ఒకసారికీ ఇంకోసారికీ లీటరు తేడా తేలిగ్గా తెస్తాయి.

దానికి తోడు మన దగ్గర రౌండ్ ఫిగర్ అలవాటు ఒకటి. కట్ అయ్యాక 2,815 దగ్గర ఆగితే, పోసే అబ్బాయి "2,900 చేయాల్నా అన్నా?" అని అడుగుతాడు, మనం సరే అంటాం. ఆ 85 రూపాయలంటే ముప్పావు లీటరు పైనే. ఈసారి ముప్పావు లీటరు, వచ్చేసారి పది రూపాయలది, ఆపైసారి ఏమీ లేదు. ఇలా చేస్తే ఫుల్ అన్న మాటకు అర్థం ఉండదు. చిల్లర సమస్య ఉంటే ఫోన్‌తో కట్టండి, కానీ మొదటి కట్ ఆఫ్ దగ్గరే ఆపించండి. ఇంకో కారణం కూడా ఉంది. ట్యాంకులో లేచే ఆవిరిని పట్టుకోవడానికి కారులో బొగ్గు నింపిన క్యానిస్టర్ ఉంటుంది. అది ఆవిరి కోసం పెట్టింది. మూతిదాకా నింపితే పెట్రోలే అందులోకి వెళ్లి దాన్ని పాడుచేస్తుంది. మే నెలలో ఎండలో నిలిపిన కారులో 35 లీటర్ల పెట్రోల్ పది పన్నెండు డిగ్రీలు వేడెక్కితే దాదాపు 400 మిల్లీలీటర్లు పొంగుతుంది. ఆ పొంగుకు చోటు ఉండాలనే కంపెనీ పైన ఖాళీ వదులుతుంది. "37 లీటర్ల ట్యాంకులో 40 లీటర్లు ఎలా పట్టింది" అని బంకువాళ్లతో తగాదా పెట్టుకునేవాళ్లు ఈ ఖాళీని, మెడ పైపును లెక్కలోకి తీసుకోరు. ట్యాంకు చెప్పిన దానికంటే ఎక్కువ పట్టడం మామూలు విషయం, అందులో మోసమేమీ లేదు.

కాబట్టి పాటించాల్సింది ఇది. ఒకే బంకు, వీలైతే ఒకే డిస్పెన్సర్ (పెట్రోల్ పోసే మెషీన్), కారు ఒకే వైపు తిరిగి ఒకే చోట ఆగాలి. గన్ పూర్తిగా లోపలికి దించమనండి, మధ్యస్థ వేగంలో పోయమనండి, మొదటి కట్ ఆఫ్‌తో సరి. రూపాయలు వద్దు, లీటర్లు రాసుకోండి, చుక్క తర్వాత రెండు అంకెలతో సహా. బిల్లు తీసుకుంటే అందులో ఉంటాయి. మధ్యలో అవసరమై ఇంకెక్కడో 500 పోయించుకున్నా లెక్క చెడదు, ఆ లీటర్లు కూడా రాసుకుంటే చాలు. రాయడం మర్చిపోతే మాత్రం ఆ విడత మొత్తం పనికిరాదు, మళ్లీ ఫుల్ చేయించి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది, దీన్ని మాత్రం బాగా మనసులో పెట్టుకోండి. ఇంత జాగ్రత్త పడ్డా రెండు చివర్లా కలిపి లీటరు వరకు తప్పు ఉండిపోతుంది. మీరు పది లీటర్లకు లెక్కేస్తే ఆ లీటరు పది శాతం. ముప్పై లీటర్లకు లెక్కేస్తే మూడు శాతం పైన. ఐదు ట్యాంకులు కలిపి 150 లీటర్లకు లెక్కేస్తే ఒక శాతం కూడా కాదు. ఎందుకంటే మధ్యలో ఎన్నిసార్లు ఫుల్ చేయించినా ఆ తప్పులు పోగుపడవు. ఈసారి అర లీటరు తక్కువ పడితే వచ్చేసారి అదే అర లీటరు ఎక్కువ పడుతుంది. మొదటి ఫుల్, చివరి ఫుల్, ఈ రెండే మిగులుతాయి. ట్యాంకు ట్యాంకుకూ విడిగా లెక్కేసి దిగులు పడేవాళ్లు ఈ ఒక్క సంగతి గమనిస్తే చాలా టెన్షన్ తగ్గుతుంది. ఒక ట్యాంకు బాగా తక్కువ, వెంటనే తర్వాతది బాగా ఎక్కువ వచ్చిందంటే అది దాదాపు ఎప్పుడూ నింపడంలో వచ్చిన తేడాయే.

సగటు తీసేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. ఊళ్లో 100 కిలోమీటర్లకు 12 వచ్చింది, హైవే మీద 100 కిలోమీటర్లకు 20 వచ్చింది, సగటు 16 అంటారు. కాదు. ఊళ్లో 8.33 లీటర్లు, హైవేలో 5 లీటర్లు, మొత్తం 200 కిలోమీటర్లకు 13.33 లీటర్లు, అంటే 15. ఎప్పుడైనా మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగించాలి. ఇలా సమాన దూరాల మైలేజ్ అంకెల్ని కలిపి రెండుతో భాగిస్తే అసలు కంటే ఎక్కువే వస్తుంది.

బంకు కొలత సంగతికొద్దాం. తూనికలు కొలతల శాఖ ఏటా డిస్పెన్సర్లను పరీక్షించి ముద్ర వేస్తుంది. అనుమతించే తేడా అర శాతం. బంకులో ఐదు లీటర్ల ముద్ర వేసిన కొలపాత్ర ఉంటుంది, అనుమానం ఉంటే మన ముందు పోసి చూపించమని అడిగే హక్కు మనకుంది. ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్ల వరకు అటూ ఇటూ ఉంటే సరైన కొలతే. చిప్‌లు పెట్టి తక్కువ పోస్తూ దొరికినవాళ్లు లేకపోలేదు. కానీ ఒక మాట ఆలోచించండి. వంద లీటర్లకు మూడు లీటర్లు ఎగ్గొట్టే బంకు ఉందనుకోండి. అది మీ మైలేజ్‌లో మూడు శాతం తేడాగా కనిపిస్తుంది, 17.5 కాస్తా 17 అవుతుంది. ఒక్క ట్యాంకు లెక్కలో ఆ తేడాను మీరు పసిగట్టలేరు. మోసాన్ని పట్టాలంటే కొలపాత్రే దారి, మైలేజ్ కాదు. రాత్రీ పగలూ నిలబడి ఎండకు పెట్రోల్ పోసే కుర్రాళ్లను 15 వచ్చిందని దొంగలనడం నాకు చాలా కష్టంగా ఉంటుంది. చేతిలో ఆధారం లేనప్పుడు ఆ మాట అనొద్దు.

తెల్లవారుజామున పోయిస్తే పెట్రోల్ చిక్కగా ఉంటుంది, ఎక్కువ వస్తుంది అని కూడా చాలామంది నమ్ముతారు. పెట్రోల్ పది డిగ్రీల వేడికి ఒక శాతం పొంగుతుందన్నది నిజం. అయితే బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ అక్కడ వేడి పెద్దగా మారదు. చలికాలానికీ ఎండాకాలానికీ కొంత తేడా ఉంటుంది, అంతే.

ఇప్పటిదాకా లీటర్ల సంగతి. కిలోమీటర్ల వైపు కూడా తప్పు ఉంటుంది, దీన్ని దాదాపు ఎవరూ చూడరు.

ఓడోమీటర్, అంటే కారు తిరిగిన కిలోమీటర్లు చూపించే మీటరు, చక్రం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని టైరు చుట్టుకొలతతో గుణించి దూరం చెబుతుంది. ఆ చుట్టుకొలత కంపెనీ ముందే రాసిపెట్టినది. మీ టైరు అరిగితే చక్రం చిన్నదవుతుంది, అదే దూరానికి ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తుంది. 165/80 ఆర్14 టైరు తీసుకోండి. దాని వ్యాసార్ధం 310 మిల్లీమీటర్లు. కొత్త టైరు గాడి 8 మిల్లీమీటర్లు అనుకుంటే, చట్టం ప్రకారం మార్చాల్సిన 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగేసరికి 6.4 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అంటే రెండు శాతం. కొత్త టైర్లు వేయించగానే మైలేజ్ పడిపోయిందని చాలామంది అంటారు. అందులో కొంత నిజంగానే కొత్త రబ్బరు వల్ల, కొంత మాత్రం మీటరు ఇప్పుడు తక్కువ కిలోమీటర్లు చూపించడం వల్ల. టైరు షాపులో చూడ్డానికి బాగుంటుందని 185/65 ఆర్15 స్థానంలో 195/65 ఆర్15 వేయించినా ఇదే కథ. ఆ టైరు రెండు శాతం పెద్దది, మీటరు ఆ మేరకు తక్కువ చూపిస్తుంది.

మీ మీటరును పరీక్షించుకోవడానికి మనకు 163వ నంబరు జాతీయ రహదారి ఉంది. హైదరాబాద్ వెళ్లేటప్పుడు జనగామ దాటాక పక్కన కూర్చున్నవాళ్లను కిలోమీటరు రాళ్లు చూడమనండి. ఒక రాయి దగ్గర ట్రిప్ మీటర్ సున్నా చేసి, 40 రాళ్ల తర్వాత ఎంత చూపించిందో రాసుకోండి. ఒక రాయికీ పక్క రాయికీ మధ్య చూడొద్దు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు రాళ్లు కొంచెం అటూ ఇటూ జరిగి ఉంటాయి, దూరం పెరిగేకొద్దీ ఆ తేడా లెక్కలోకి రాదు. ఫోన్‌లో జీపీఎస్ యాప్‌తో కూడా అదే దూరం కొలిచి చూడండి. ఇలాంటి తిన్నటి రోడ్డు మీద జీపీఎస్ దూరం నమ్మదగినది. 40 కిలోమీటర్లకు మీటరు 40.8 చూపిస్తే మీ మైలేజ్ అంకె రెండు శాతం ఎక్కువగా వస్తోందన్నమాట, ఇక మీదట ప్రతి లెక్కలోనూ ఆ రెండు శాతం తీసేయండి. వేగం చూపించే ముల్లుతో దీన్ని కలపకండి. స్పీడోమీటర్ అసలు వేగం కంటే తక్కువ చూపించకూడదని నిబంధన ఉంది కాబట్టి కంపెనీలు దాన్ని కావాలనే కొంచెం ఎక్కువ చూపించేలా పెడతాయి. ఓడోమీటర్‌కు అలా కలపరు. స్పీడు ఆరు శాతం ఎక్కువ చూపించే కారులో కిలోమీటర్లు సరిగ్గానే ఉండొచ్చు.

డిస్‌ప్లేలో వచ్చే 18.4 ఎక్కడిది? ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నాయో ఇంజన్ కంప్యూటర్‌కు తెలుసు. ఒక్కో క్షణానికి ఎంత పెట్రోల్ పడుతుందో కంపెనీ ఇచ్చిన అంకె దాని దగ్గర ఉంది. రెండూ గుణించి లీటర్లు లెక్కేస్తుంది. కానీ ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చంగా ఒకేలా ఉండవు, వాడేకొద్దీ మారతాయి కూడా. నేను చూసినంతలో ఈ డిస్‌ప్లేలు ఎక్కువ చూపించడమే మామూలు, తక్కువ చూపించేవి అరుదు. ఐదు శాతం దాకా తేడా ఉంటే దాన్ని లోపం అనను.

ఇంకో సంగతి. డిస్‌ప్లే కిలోమీటర్లను మీ ఓడోమీటర్ తీసుకునే చోటి నుంచే తీసుకుంటుంది. కాబట్టి టైరు వల్ల వచ్చే తప్పు దానిలోనూ ఉంటుంది, మీ ఫుల్ ట్యాంక్ లెక్కలోనూ ఉంటుంది. రెండింటినీ పోల్చితే బయటపడేది లీటర్ల వైపు తేడా మాత్రమే.

అయినా డిస్‌ప్లేను పక్కన పడేయకండి. దాని తప్పు చాలావరకు స్థిరంగా ఉంటుంది, అదే దాని గొప్ప. ఫుల్ ట్యాంక్ లెక్క మొదలుపెట్టిన రోజే డిస్‌ప్లే సగటును కూడా సున్నా చేయండి. ఐదు ట్యాంకుల తర్వాత రెండూ పక్కపక్కన పెట్టండి. మీది 17.5, అది 18.4 అంటే మీ డిస్‌ప్లే ఐదు శాతం ఎక్కువ చెబుతోందని తేలిపోయింది. ఇక రోజూ ఫుల్ చేయించాల్సిన పని లేదు, డిస్‌ప్లేలో కనిపించేదాన్ని ఐదు శాతం తగ్గించి చదువుకోండి. 20 కిలోమీటర్ల ప్రయాణంలో ఏసీ వేస్తే ఎంత, వేయకపోతే ఎంత లాంటివి చూడాలంటే ఇంతకంటే మంచి సాధనం మీ దగ్గర లేదు, ఎందుకంటే అంత చిన్న దూరానికి ఫుల్ ట్యాంక్ పద్ధతి పనికిరాదు. కొన్ని కార్లలో పెట్రోల్ పోయించినప్పుడల్లా సగటు దానంతటదే సున్నా అవుతుంది, కొన్నింటిలో ఇంజన్ ఆపినప్పుడల్లా అవుతుంది. సెట్టింగ్స్‌లో దాన్ని మార్చుకోండి, లేకపోతే ఐదు ట్యాంకుల సగటు దొరకదు.

ఓబీడీ పోర్టుకు (ఇంజన్ కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్) బ్లూటూత్ ముక్క పెట్టి ఫోన్ యాప్‌లో మైలేజ్ చూసేవాళ్లకు ఒక హెచ్చరిక. చాలా యాప్‌లు ఇంజన్‌లోకి పోయే గాలిని తీసుకుని, ఒక భాగం పెట్రోల్‌కు 14.7 భాగాల గాలి అని లెక్కేస్తాయి. అది ఇథనాల్ లేని పెట్రోల్ లెక్క. ఇప్పుడు మన బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్‌కు ఆ నిష్పత్తి 13.5 దగ్గర ఉంటుంది. సెట్టింగ్స్ మార్చకపోతే యాప్ అసలు కాలిన దానికంటే ఎనిమిది శాతం తక్కువ పెట్రోల్ కాలిందని చెబుతుంది, మైలేజ్ గొప్పగా కనిపిస్తుంది. డీజిల్ ఇంజన్ ఒకే నిష్పత్తిలో గాలి తీసుకోదు కాబట్టి ఆ పద్ధతి డీజిల్ కార్లకు అసలు కుదరదు.

ఇథనాల్ మాట వచ్చింది కాబట్టి దాని సంగతి కూడా. లీటరు ఇథనాల్‌లో లీటరు పెట్రోల్‌లో ఉన్న శక్తిలో మూడింట రెండు వంతులే ఉంటుంది. 2021 నాటి నీతి ఆయోగ్ నివేదిక ప్రకారం, మామూలు పెట్రోల్‌కు డిజైన్ చేసి 10 శాతం ఇథనాల్‌కు ట్యూన్ చేసిన కార్లు 20 శాతం ఇథనాల్ వాడితే మైలేజ్ ఆరేడు శాతం తగ్గుతుంది. 10 శాతానికి డిజైన్ చేసి 20 శాతానికి ట్యూన్ చేసిన కార్లలో ఒకటి రెండు శాతం. మీ దగ్గర పాత డైరీలో లెక్కలుంటే వాటిని ఇప్పటి లెక్కలతో పోల్చేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. ఇంజన్ ఏమీ చెడకుండానే ఆ మేరకు తగ్గి ఉండొచ్చు.

ఇక రోడ్డు. మన ప్రాంతంవాళ్లకు ఇది ప్రత్యేకంగా చెప్పాలి. వరంగల్ సముద్రమట్టానికి 270 మీటర్ల దగ్గర ఉంటుంది, హైదరాబాద్ 540 దగ్గర. కంటికి రోడ్డు చదునుగానే ఉంటుంది, కానీ హైదరాబాద్ వెళ్తున్నామంటే 270 మీటర్లు పైకి ఎక్కుతున్నాం. మనుషులతో కలిపి 1,200 కిలోల కారును అంత ఎత్తుకు చేర్చడానికి మూడో వంతు లీటరు పెట్రోల్ అదనంగా కాలుతుంది. చదును మీద 20 ఇచ్చే కారుకు 145 కిలోమీటర్ల దారికి ఏడుంపావు లీటర్లు కావాలి. పోయేటప్పుడు ఆ మూడో వంతు కలుస్తుంది, వచ్చేటప్పుడు తగ్గుతుంది. ఫలితం, పోయేటప్పుడు 19, వచ్చేటప్పుడు 21. అదే కారు, అదే డ్రైవర్, అదే స్పీడు. ఉప్పల్‌లో ట్యాంక్ ఫుల్ చేయించుకుని కాజీపేట వచ్చి లెక్క చూసి "హైదరాబాద్ పెట్రోల్ మంచిది, మన దగ్గరిది కల్తీ" అనే మాట నేను చాలాసార్లు విన్నాను. ఆ తేడా ఎత్తుపల్లాలది. ములుగు దాటి ఏటూరునాగారం వైపు గోదావరికి దిగేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఎప్పుడైనా పోయి వచ్చిన లెక్క చూడండి, ఒక వైపుది చూడకండి.

ఊళ్లో సంగతి వేరే చెప్పక్కర్లేదు. నయీంనగర్, హనుమకొండ చౌరస్తా, కాజీపేట బ్రిడ్జి దగ్గర ఇంజన్ నడుస్తూ ఆగి ఉన్నప్పుడు గంటకు అర లీటరు నుంచి లీటరు దాకా కాలుతుంది, ఏసీతో ఎక్కువ వైపు. మైలేజ్ ఆ సేపు సున్నా. ఇంటి నుంచి రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేసే ప్రయాణాల్లో ఇంజన్ వేడెక్కకముందే పని అయిపోతుంది, అప్పుడు పెట్రోల్ మరీ ఎక్కువ తాగుతుంది. మేడారం జాతర రోజుల్లో ములుగు రోడ్డు మీద తిరిగిన ట్యాంకును లెక్కలోంచి పక్కన పెట్టడమే మంచిది.

కంపెనీ చెప్పే 22 ఎక్కడిదంటే, ల్యాబ్‌లో రోలర్ల మీద కారు చక్రాలు తిప్పి, ఒక నిర్ణీత పద్ధతిలో వేగం పెంచుతూ తగ్గిస్తూ కొలిచింది. అక్కడ వేగం 90 దాటదు, పరీక్ష ఇరవై నిమిషాలలోపే ముగుస్తుంది, ఏసీ ఆపి ఉంటుంది. కాలిన పెట్రోల్‌ను పొగలో వచ్చిన కార్బన్‌ను బట్టి లెక్కిస్తారు. ఆ కొలత చాలా కచ్చితమైనది, అబద్ధం కాదు. ఒక కారును ఇంకో కారుతో పోల్చుకోవడానికి అది పనికొస్తుంది. మీ ఇంటి నుంచి ఆఫీసుకు ఎంత వస్తుందో అది చెప్పదు. రోడ్డు మీద దానికంటే ఐదో వంతు తగ్గితే నేను ఆశ్చర్యపోను.

పెట్రోల్‌లో కలిపే మందులు, మాత్రల గురించి కూడా చాలామంది అడుగుతారు. మైలేజ్ ఐదు శాతం పెరుగుతుందని డబ్బా మీద రాసి ఉంటే, దాన్ని ఒక్క ట్యాంకులో తేల్చడం అసాధ్యం అని ఇప్పటిదాకా చెప్పిన లెక్కే చెబుతుంది. పైగా మందు వేసిన మనిషి ఫలితం చూడాలనే ఆశతో నెమ్మదిగా నడుపుతాడు. ఆ పెరుగుదల అతని కాలిది. నిజంగా పరీక్షించాలంటే వేసి ఐదు ట్యాంకులు, వేయకుండా ఐదు ట్యాంకులు, అదే దారిలో, అదే సీజన్లో నడపాలి. అంత ఓపిక ఉంటే ఆ డబ్బుతో ఒక మంచి ప్రెజర్ గేజ్ కొని పదిహేను రోజులకోసారి టైర్లలో గాలి చూసుకోండి. మేలు ఖాయం.

మీ విషయానికొస్తే, మీరు పంపిన రెండు విడతలూ కలిపితే 17.5 వస్తోంది. డిస్‌ప్లే 18.4. తేడా ఐదు శాతం. బంకు మీద అనుమానపడడానికి గానీ కారును సర్వీస్‌కు ఇవ్వడానికి గానీ ఇందులో నాకు కారణం కనిపించలేదు. అయితే రిజర్వ్ లైట్‌తో తీసిన లెక్క కాబట్టి ఈ 17.5 మీద కూడా నాకు పూర్తి నమ్మకం లేదు. ఐదు ఫుల్ ట్యాంకులు పైన చెప్పినట్టు నడిపి చూడండి. మీరెప్పుడూ తిరిగే దారుల్లోనే, 17.5కు పది శాతం కిందికి, అంటే 16 కంటే తక్కువకు, మొత్తం లెక్క పడిపోతే అప్పుడు వెతకాలి. ముందు టైర్లలో గాలి, తర్వాత బ్రేకులు పట్టుకుని ఉండిపోతున్నాయా అన్నది. కొంత దూరం నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తే, పట్టుకున్న చక్రం మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటుంది. తాకొద్దు, కాలుతుంది. ఆ తర్వాత అలైన్‌మెంట్, ఎయిర్ ఫిల్టర్. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే ఆక్సిజన్ సెన్సర్, థర్మోస్టాట్ దాకా వెళ్లమనండి, ముందే వాటిని మార్పించుకోవద్దు.

లెక్క పూర్తయ్యాక ఇక్కడే రాయండి. మొత్తం కిలోమీటర్లు, మొత్తం లీటర్లు, డిస్‌ప్లే సగటు, 40 రాళ్లకు ట్రిప్ మీటర్ ఎంత చూపించింది, టైరు పక్కన రాసి ఉన్న సైజు, ఇంధన మూత లోపలి స్టిక్కర్ మీద ఈ20 (20 శాతం ఇథనాల్ పెట్రోల్) అని ఉందో లేదో. ఇవి ఉంటే మీ కారు ఎంత ఇస్తోందో, మీ డిస్‌ప్లేలో ఎంత తీసేసి చదువుకోవాలో లెక్కగట్టి చెబుతాను.